తూర్పు హైదరాబాద్ యంత్రగాథ – ఏడో భాగం: కుషాయిగూడ కంప్యూటరును ఏ కొలతతో తూచాలి?

కిందటి భాగం 1969 జనవరి దగ్గర ఆగింది. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టి, స్టాన్‌ఫర్డ్‌లో పైచదువు చదివి, ట్రాంబేలో హోమీ భాభా బృందంలో పనిచేసిన అయ్యగారి సాంబశివరావు గారు 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద ఈసీఐఎల్‌ను హైదరాబాద్‌లో ఎలా నిలబెట్టారో చూశాం. ట్రాంబేలో రూపుదిద్దుకున్న 12 బిట్ల కంప్యూటర్ టీడీసీ-12ను విక్రమ్ సారాభాయ్ ప్రారంభించడంతో ఆ కథ ఒక మజిలీకి చేరింది. తర్వాత దాని తయారీ కుషాయిగూడకు వచ్చింది. వెనకే 1974లో టీడీసీ-312, 1975లో 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. ప్రయోగశాల కోసం ఒకటీ అరా కాకుండా, అమ్మకానికని వరసగా కంప్యూటర్లు తయారుచేసిన భారతీయ సంస్థ అది. అమ్మకం అన్నాక పోలిక తప్పదు. ఐబీఎం యంత్రం పక్కన పెడితే ఇదెంత అని కొనేవాడు అడుగుతాడు. అరవై ఏళ్లుగా ఆ ప్రశ్నకు రకరకాల కొలతలతో జవాబు చెబుతూ వచ్చారు. ఆ కొలతల్లో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నదే ఈ భాగం కథ.

ఎల్బీ నగర్ చౌరస్తాలో నిలబడితే ఈ కథ జరిగిన చోట్లన్నీ చుట్టుపక్కలే ఉంటాయి. నాగోల్, ఉప్పల్ మీదుగా ఉత్తరానికి పోతే ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్, పక్కనే సాంబశివరావు గారి పేరు మోస్తున్న ఏఎస్ రావు నగర్. కర్మన్‌ఘాట్, చంపాపేట వైపు తిరిగితే కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన సంస్థలు. విజయవాడ రహదారి వెంట ఊళ్లోకి పోతే కొత్తపేట, చైతన్యపురి దాటాక దిల్‌సుఖ్‌నగర్, దాని కోచింగ్ సెంటర్లు. మొదటిచోట కంప్యూటరును తయారుచేశారు, రెండోచోట అనేక ప్రాసెసర్లను కలిపి కట్టారు, మూడోచోట ఎక్కడో తయారైన యంత్రానికి ప్రోగ్రాములు రాయడం నేర్పారు. ఈ మూడింటిలో కంప్యూటర్ల గోత్రాలను నిజంగా తేల్చింది మూడోదేనన్నది నా వాదన. యంత్రం లోపల ఏముందన్నది, ఎన్ని బిట్లన్నది, ఎంత వేగమన్నది అన్నీ అవసరమే. అయితే ఒక కంప్యూటరును మరోదానితో పోల్చేటప్పుడు చివరిదాకా నిలబడే కొలత ఒక్కటే: ఆ యంత్రం ఏ ఆదేశాలను అర్థం చేసుకుంటుంది, ఆ ఆదేశాల మీద ఎంతమంది ఎంత రాసి పెట్టారు.

ముందు బిట్ల లెక్క చూద్దాం, ఎందుకంటే 1970లలో బజారు కొలత అదే. యంత్రం ఒక్క విడతలో పట్టే పదం ఎంత పొడవన్నదే ప్రశ్న. 12 బిట్లలో 4,096 వేర్వేరు విలువలు ఇముడుతాయి, 16 బిట్లలో 65,536. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ 1965లో తెచ్చిన పీడీపీ-8 కూడా 12 బిట్లదే, 1970లో తెచ్చిన పీడీపీ-11 కూడా 16 బిట్లదే. అందుకే టీడీసీ యంత్రాలను వాటి సరసన పెట్టి చూడటం ఆనాడే అలవాటైంది. 12 బిట్ల బతుకు ఎంత ఇరుకో పీడీపీ-8ను చూస్తే తెలుస్తుంది. ఒక ఆదేశంలో మొదటి 3 బిట్లు ఏ పని చేయాలో చెబుతాయి, అంటే ప్రధాన ఆదేశాలు ఎనిమిదే. మెమరీలో చోటు చెప్పడానికి మిగిలేవి 7 బిట్లు, అంటే 128 గదుల పుట. ప్రోగ్రాము తానున్న పుటనూ మొట్టమొదటి పుటనూ మాత్రమే నేరుగా అందుకోగలదు. అంతకు మించి కావాలంటే చుట్టుదారి పట్టాలి. ఇంత ఇరుకులోనూ కర్మాగారాల్లో, ప్రయోగశాలల్లో అద్భుతమైన పనులు చేయించినవాళ్లున్నారు. ఆ తరం ప్రోగ్రామర్ల పొదుపు ఈనాటి వాళ్లకు ఊహకు కూడా అందదు. అయినా బిట్ల కొలత ఒకచోట చతికిలబడుతుంది. ఆ రోజుల్లో మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన ఐబీఎం 1401ను ఎన్ని బిట్ల యంత్రమనాలి? 1959లో వచ్చిన ఆ యంత్రానికి స్థిరమైన పదం పొడవే లేదు. అంకెలను, అక్షరాలను ఒక్కొక్కటిగా గుర్తు వచ్చేదాకా చదువుకుంటూ పోతుంది, లెక్కలు దశాంశంలోనే చేస్తుంది. దాని మెమరీ 1,400 అక్షరాల నుంచి 16,000 అక్షరాల వరకు. జీతాల పట్టీలు, జమాఖర్చులు, సరుకు లెక్కలు దాని పని. దేశంలో అతి ఎక్కువ వాడుకలో ఉన్న యంత్రానికే చోటు చూపలేని వర్గీకరణను వర్గీకరణ అని ఎలా అంటాం?

పండితులకు మరో కొలత ఉంది. 1966లో మైకేల్ ఫ్లిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కంప్యూటర్లను నాలుగు గళ్లలో సర్దాడు. ఆదేశాల ధార ఒకటా పలుమా, ఆ ఆదేశాలకు లోబడే దత్తాంశాల ధార ఒకటా పలుమా అన్నవి ఆయన వేసిన రెండు ప్రశ్నలు. ఒకే ఆదేశం, ఒకే దత్తాంశం మొదటి గడి. ఒకే ఆదేశాన్ని ఒకేసారి ఎన్నో దత్తాంశాల మీద నడిపేది రెండోది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం రూపొందించిన, 64 గణన విభాగాలను ఒకే ఆదేశంతో నడిపిన ఇల్లియాక్-4 ఆ కోవలోది. పలు ఆదేశాలు ఒకే దత్తాంశం మీద నడిచే గడి దాదాపు ఖాళీ. పలు ఆదేశాలు, పలు దత్తాంశాలు నాలుగోది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈనాటికీ పరీక్షల్లో అడిగే ఈ పట్టిక చాలా పదునైనది, సూపర్ కంప్యూటర్ల విషయంలో దానికి సాటి లేదు. కానీ మన ప్రశ్నకు అది జవాబివ్వదు. టీడీసీ-12, టీడీసీ-316, ఐబీఎం 1401, పీడీపీ-11, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు దిల్‌సుఖ్‌నగర్ ల్యాబుల్లో బారులు తీరిన పీసీలు, అన్నీ మొదటి గడిలోనే కూర్చుంటాయి. వీటిలో కొన్ని ఎందుకు బతికాయి, కొన్ని ఎందుకు పోయాయి అన్నది ఆ గడిలోకి ఎంత తొంగిచూసినా కనబడదు.

జవాబు కోసం 1964 ఏప్రిల్‌కు వెనక్కి వెళ్లాలి. అప్పటిదాకా ఐబీఎంలోనే ఒక యంత్రానికి రాసిన ప్రోగ్రాము మరో యంత్రం మీద నడిచేది కాదు. కొనుగోలుదారు పెద్ద యంత్రానికి మారాలంటే అన్నీ మొదటి నుంచి రాయించుకోవాలి. ఆ నెలలో ఐబీఎం సిస్టమ్/360 పేరుతో ఒక కుటుంబాన్ని ప్రకటించింది. చిన్నదీ పెద్దదీ కలిపి ఎన్నో నమూనాలు, లోపలి నిర్మాణం ఒక్కోదానిది ఒక్కో తీరు, వేగంలో ఎంతో తేడా. ప్రోగ్రామర్‌కు మాత్రం అన్నీ ఒకే ముఖంతో కనిపిస్తాయి: అవే 16 రిజిస్టర్లు, అదే 8 బిట్ల బైటు, అవే ఆదేశాలు. ఆ యంత్రాన్ని తీర్చిన జీన్ ఆమ్‌డాల్, గెరిట్ బ్లావ్, ఫ్రెడరిక్ బ్రూక్స్ అదే ఏడాది రాసిన వ్యాసంలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ అంటే ప్రోగ్రామర్‌కు కనబడే రూపమని, లోపలి సర్క్యూట్ల అమరిక వేరే సంగతని గీత గీసి చెప్పారు. ఇంటి లోపలి గోడలను ఎన్నిసార్లు పడగొట్టి కట్టుకున్నా వీధి గుమ్మం మాత్రం కదపని గృహస్థు తీరు అది. ఇంకో విశేషం. పాత 1401 ఖాతాదారులు చేజారిపోకుండా, 360లోని చిన్న నమూనాల్లో 1401 ఆదేశాలను కూడా నడిపించే ఏర్పాటు ఐబీఎం చేసింది. యంత్రం పాతబడినా దాని మీద రాసిన రాత పాతబడదన్న సత్యాన్ని ఆ సంస్థ అందరికన్నా ముందు వ్యాపార సూత్రంగా పట్టుకుంది.

ఇప్పుడు మళ్లీ కుషాయిగూడ. 1970ల నడుమ అక్కడి వాతావరణాన్ని ఊహించుకోవాలి. చుట్టూ బండరాళ్లు, చెలకలు. పక్కన మౌలాలిలో అణు ఇంధన సముదాయం మొదలైంది. ఊళ్లోంచి ఉద్యోగులను మోసుకొచ్చే బస్సులు, క్వార్టర్లు, కొత్త కాలనీలు. అప్పటికి ఎల్బీ నగర్ వైపు కూడా ఊరి పొలిమేరే. ఆ ఫ్యాక్టరీలో విడి భాగాల నుంచి పూర్తి యంత్రం దాకా వీలైనంత వరకు మనమే చేసుకోవాలన్న పట్టుదల ఉండేది. దేశంలో మరోవైపు పెద్ద ఘర్షణ నడుస్తోంది. ఐబీఎం వాడేసిన 1401లను బాగుచేసి ఇక్కడ అధిక అద్దెలకు ఇస్తోందన్న విమర్శ పార్లమెంటు దాకా వెళ్లింది. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం విదేశీ వాటాను 40 శాతానికి కుదించమంది, ఐబీఎం ఒప్పుకోలేదు, 1978లో దేశం వదిలింది. అది వదిలిన యంత్రాల మరమ్మతు భారాన్ని ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ తలకెత్తుకుంది. పైకి చూస్తే టీడీసీ-316కు ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు. పోటీదారు తనంతట తానే వెళ్లిపోయాడు. అయినా ఐబీఎం వదిలిన చోట్లలోకి టీడీసీ నడిచి వెళ్లలేకపోయింది. జీతాల పట్టీ, స్టాకు లెక్క, పరీక్షా ఫలితాల ప్రోగ్రాము, పేర్చి పెట్టుకున్న కార్డుల కట్టలు, అన్నీ ఐబీఎం ఆదేశాల మీద నిలబడి ఉన్నాయి. ఆ రాతను వదులుకోవడం కన్నా పాత యంత్రాన్ని సీఎంసీ చేత బాగుచేయించుకుంటూ నెట్టుకురావడమే ఆఫీసులకు మేలనిపించింది. సీఎంసీ పుట్టి బతికిందంటేనే ఈ వాదనకు సాక్ష్యం దొరికినట్టు. అదే కాలంలో అమెరికాలో పీడీపీ-11 మీద యూనిక్స్, సీ భాష పెరిగాయి, విశ్వవిద్యాలయాలు ఒకరి రాతను ఒకరు వాడుకుంటూ ఒక లోకాన్నే కట్టాయి. టీడీసీ-316 చుట్టూ అలాంటి లోకం లేదు. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ చాలావరకు ఈసీఐఎల్ గోడల మధ్యే పుట్టాలి, కొనుగోలుదారుకు కావలసింది కొనుగోలుదారే రాసుకోవాలి.

ఇదంతా ఆర్కిటెక్చర్ తప్పు కాదు, ధర, ప్రభుత్వ విధానం చేసిన పని అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో బలముంది. ప్రతిదీ ఇక్కడే చేయాలన్న పట్టుదల వల్ల ఖర్చు పెరిగింది, నమూనాలు ఆలస్యమయ్యాయి, యంత్రం మార్కెట్లోకి వచ్చేసరికి బయట దాని తర్వాతి తరం నడుస్తోంది. కానీ విధానమే మొత్తం కారణమైతే, విధానం అనుకూలంగా ఉన్న ఏళ్లలో గెలిచి ఉండాలి కదా? 1970లలో మినీ కంప్యూటర్ల రంగంలో ఈసీఐఎల్‌కు దేశంలో దాదాపు ఎదురు లేదు. దిగుమతి కోరేవాళ్లు స్వదేశీ యంత్రం తమకెందుకు చాలదో ఎలక్ట్రానిక్స్ శాఖకు నచ్చజెప్పుకోవాల్సి వచ్చేది. అంత రక్షణలోనూ దాని ఖాతాదారుల్లో అత్యధికులు ప్రభుత్వ విభాగాలు, పరిశోధనా సంస్థలే. తమ ప్రోగ్రాములు తామే రాసుకునే శక్తి వాళ్లకే ఉంది. 1978 తర్వాత ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచాక హెచ్‌సీఎల్, డీసీఎం లాంటివి ప్రపంచంలో అందరూ వాడే మైక్రోప్రాసెసర్లను తెచ్చి యంత్రాలు కట్టాయి. అవి సొంతంగా ఆదేశాల పట్టికను కనిపెట్టే శ్రమ పెట్టుకోలేదు. ఈసీఐఎల్ కూడా మైక్రో-78 దగ్గర అదే బాట పట్టింది. ఖర్చు ఒక్కటే సమస్య అయితే ధర తగ్గించి పాత ఆర్కిటెక్చర్‌నే నిలుపుకునేవాళ్లు. వదిలేశారంటే సమస్య ఇంకా లోతుదని అర్థం.

రెండో ఆక్షేపణ ఇంతకన్నా బరువైనది, దానికి నేను చాలావరకు తలవంచుతాను. ఈసీఐఎల్ పుట్టింది జీతాల పట్టీలు వేయడానికి కాదు, అణు విద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు అందించడానికి. రియాక్టరు పక్కన నిలబడే కంప్యూటర్‌కు వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాములతో పనిలేదు. ఉష్ణోగ్రత, పీడనం చదివి, గడువు దాటకుండా స్పందించాలి. ఒకసారి రాసిన ప్రోగ్రాము దశాబ్దాల పాటు అలాగే నడవాలి, విడి భాగం చెడిపోతే విదేశం వైపు చూడకుండా ఇక్కడే మార్చుకోగలగాలి. దేశ గగనతల రక్షణ వ్యవస్థలో కూడా టీడీసీ-316 పనిచేసింది. ఆ పనుల్లో టీడీసీ వరస విఫలమైందనడం అన్యాయం, చాలామంది చరిత్రకారులు ఆ అన్యాయం చేశారు. పోలిక మొదలుపెట్టే ముందు పని ఏదో తేల్చుకోవాలి. రియాక్టరు గదిలో గెలిచిన యంత్రం ఆఫీసులో ఓడింది. యంత్రం అదే, బిట్లు అవే, ఫ్లిన్ పట్టికలో గడీ అదే. మారింది ఒక్కటే: మొదటిచోట దాని రాత దానికి చాలు, రెండోచోట లోకం రాతతో పొత్తు కావాలి. కాబట్టి ఈ ఆక్షేపణ నా కొలతను కొట్టేయదు, అది ఎక్కడ వర్తిస్తుందో హద్దు గీస్తుంది.

ఇక మూడోది సాంకేతికుల నుంచి వస్తుంది. వేగం, చిరునామా బిట్లు లాంటి గట్టి కొలతలుండగా ఈ మెత్తటి కొలత ఎందుకంటారు. చిరునామా బిట్ల మాట నిజం. పీడీపీ-11ను తీర్చిన గోర్డన్ బెల్ స్వయంగా 1976లో, కంప్యూటర్ రూపకల్పనలో కోలుకోవడం కష్టమైన తప్పు ఒక్కటేనని, అది చిరునామాకు చాలినన్ని బిట్లు ఇవ్వకపోవడమని ఒప్పుకున్నాడు. అయితే ఆ తప్పును వాళ్లెలా దిద్దుకున్నారో చూడండి. 1977లో వచ్చిన 32 బిట్ల వ్యాక్స్ యంత్రంలో పీడీపీ-11 ప్రోగ్రాములు నడిచే ఏర్పాటు ఉంచారు. బిట్లు పెంచారు, పాత రాతను వదల్లేదు. వేగం సంగతి ఇంకా విచిత్రం. ఒక మిలియన్ ఆదేశాల వేగానికి కొలబద్దగా లోకమంతా పెట్టుకున్న ఆ వ్యాక్స్-11/780 నిజానికి సెకనుకు అందులో సగం ఆదేశాలే నడిపేది. ఒక్కో యంత్రం ఆదేశం ఒక్కో పరిమాణంలో పని చేస్తుంది కాబట్టి ఆదేశాల లెక్క పోలికకు పనికిరాదని అనుభవం నేర్పింది. అందుకే ఒకే ప్రోగ్రామును రెండు యంత్రాల మీద నడిపి గడియారం చూడటమే మేలని అందరూ ఒప్పుకున్నారు. ఆ ప్రోగ్రాము రెండు యంత్రాల మీదా నడవాలి గదా! అక్కడ మళ్లీ మన కొలత దగ్గరకే వచ్చాం. చిత్తూరు జిల్లా కాటూరు నుంచి కార్నెగీ మెలన్‌కు వెళ్లిన రాజ్ రెడ్డి గారు 1980ల మొదట్లో పరిశోధకుడి బల్ల మీద ఉండాల్సిన యంత్రానికి మూడు మెగాల కొలత చెప్పారు: ఒక మెగాబైటు మెమరీ, పది లక్షల చుక్కల తెర, సెకనుకు పది లక్షల ఆదేశాలు. ఆ తరాన్ని ముందుకు నడిపిన గొప్ప గురి అది. ఆ గురిని అందుకున్న యంత్రాల్లో కొన్నేళ్లకు మిగిలినవి చూస్తే, అంకెలు అందరూ అందుకున్నారు, రాత కూడగట్టుకున్నవాళ్లే నిలిచారు.

తుది తీర్పు కోసం దిల్‌సుఖ్‌నగర్ రావాలి. 1990ల చివర నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల నుంచి బస్సులెక్కి వచ్చిన డిగ్రీ పిల్లలు ఎల్బీ నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో దిగి, చైతన్యపురి సందుల్లో గదులు చూసుకుని, హాస్టల్ మెస్సుల్లో తిని, కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగేవారు. 2000 సంవత్సరం తేదీల సమస్య దగ్గరపడుతున్న రోజులు. అమెరికాలో బ్యాంకులకు, బీమా సంస్థలకు కోబాల్ తెలిసినవాళ్లు వేలల్లో కావాలి. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా బోర్డుల మీద మెయిన్‌ఫ్రేమ్స్ కోర్సులు వెలిశాయి. ఆ పిల్లలు నేర్చుకున్నది ఎవరి ఆర్కిటెక్చర్? 1964లో ప్రకటించిన 360దే. మధ్యలో 24 బిట్ల చిరునామా 1980లలో 31 అయింది, 2000లో 64 అయింది, లోపలి సర్క్యూట్లు గుర్తుపట్టలేనంతగా మారాయి, ప్రోగ్రామర్ ముందున్న ముఖం అదే. 1978లో దేశం వదిలిన ఆర్కిటెక్చర్ ఇరవై ఏళ్లకు యంత్రంగా కాక ఉద్యోగంగా ఈ వీధుల్లోకి తిరిగొచ్చింది. పక్క సందులో పీసీ నేర్చుకునే పిల్లల సంగతీ అంతే. 1978 నాటి ఇంటెల్ 8086 ఆదేశాలు 386లోనూ పెంటియంలోనూ నడిచాయి. 1995 నుంచి పెంటియం ప్రో లోపల ఆ ఆదేశాలను చిన్న చిన్న తునకలుగా మార్చి మరో తీరులో నడిపారు, బయటి పట్టికను మాత్రం ముట్టుకోలేదు. ఉప్పల్ దాటితే ఉన్న ఈసీఐఎల్‌లో పుట్టిన ఆదేశాల పట్టిక నేర్పే కోర్సు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ బోర్డు మీదా లేదు. ఆ యంత్రాన్ని చేసిన ఇంజినీర్ల ప్రతిభకు లోటు లేదు. వాళ్ల ఆదేశాల మీద రాసే పిల్లలను తయారుచేసే ఏర్పాటు, కాలేజీలకు చౌకగా యంత్రాలిచ్చి ప్రోగ్రాములు పోగుచేసే ఏర్పాటు ఆనాటి ప్రణాళికల్లో లేకపోవడమే లోటు. ఇనుము, సిలికాన్ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఆ వైపు పెట్టి ఉంటే ఈ చరిత్రలో ఈసీఐఎల్‌కు దక్కే పుటలు వేరుగా ఉండేవని గట్టిగా నమ్ముతున్నాను.

ఫ్లిన్ పట్టికను ఈ భాగంలో పక్కన పెట్టాం. దాని నాలుగో గడి మాత్రం మనల్ని వదలదు. 1980ల చివర అమెరికా భారత్‌కు కోరినంత శక్తిగల క్రే సూపర్ కంప్యూటర్ ఇవ్వకుండా చిన్నది ఇచ్చినప్పుడు దేశంలో నాలుగైదు చోట్ల ఒకేసారి సొంత యంత్రాల ప్రయత్నం మొదలైంది. వాటిలో ఒకటి ఎల్బీ నగర్‌కు కూతవేటు దూరంలోని కంచన్‌బాగ్‌లోనే. 1988లో రక్షణ పరిశోధన సంస్థ అక్కడ నెలకొల్పిన అనురాగ్ ప్రయోగశాల, క్షిపణి చుట్టూ గాలి ప్రవాహాల లెక్కల కోసం బజారులో దొరికే ప్రాసెసర్లను గుత్తులుగా కలిపి పేస్ అనే యంత్రాన్ని కట్టింది. పుణెలో పరమ్, ట్రాంబేలో అనుపమ్, బెంగళూరులో ఫ్లోసాల్వర్ అదే పరుగులో ఉన్నాయి. వీటిలో దేని లోపలి అమరిక దేనికి భిన్నం, అందరూ బయట దొరికే ప్రాసెసర్లనే ఎందుకు ఎంచుకున్నారు, ఆ తర్వాత అనురాగ్ ఇంజినీర్లు అనుపమ పేరుతో సొంత ప్రాసెసర్ వైపు ఎందుకు మళ్లారు అన్నవి వచ్చే భాగంలో చూద్దాం.